వినే చెవి ధర్మం: 'ఇన్ ఎ వరల్డ్' చిత్రంలో గొంతు, ప్రతిభ, ప్రాతినిధ్యం

పలికిన మాటకు అధికారం ఎక్కడినుంచి వస్తుంది? అది పలికేవారి కంఠంలోనే సహజంగా ఉంటుందా, లేక వినేవారి అలవాటు దానికి ఆ బలాన్ని సమకూరుస్తుందా? మొదటిదే నిజమైతే అధికారం లేని గొంతును దిద్దుకోవలసిన బాధ్యత వక్తది. రెండవదే నిజమైతే దిద్దుకోవలసినది శ్రోత చెవి. ఈ రెండు సమాధానాల మధ్య ఉన్న దూరం నైతికమైనది. ఎందుకంటే అన్యాయం ఎక్కడ జరుగుతున్నదో, దాన్ని సరిదిద్దే భారం ఎవరిపై ఉన్నదో ఆ సమాధానమే నిర్ణయిస్తుంది. లేక్ బెల్ రచించి, దర్శకత్వం వహించి, ప్రధాన పాత్రను ధరించిన 'ఇన్ ఎ వరల్డ్' (2013) అనే అమెరికన్ స్వతంత్ర హాస్యచిత్రం ఈ ప్రశ్నను హాలీవుడ్ ట్రైలర్లకు గొంతునిచ్చే వృత్తి నేపథ్యంలో లేవనెత్తింది. సన్‌డాన్స్ చలనచిత్రోత్సవంలో ఆ సంవత్సరం స్క్రీన్‌ప్లే రచనకు వాల్డో సాల్ట్ పురస్కారం పొందిన ఈ చిత్రం నవ్విస్తూనే రెండు చిక్కుముడులను ప్రేక్షకుల ముందు ఉంచింది. ఒకటి, ప్రతిభను బట్టి కాక ప్రాతినిధ్యాన్ని బట్టి ఒక స్త్రీకి దక్కిన అవకాశం ఆమెకు గౌరవమా, అవమానమా అన్నది. రెండవది, స్త్రీల గొంతును దిద్దడం వారికి విముక్తా, మరొక కట్టుబాటా అన్నది. ఈ రెండింటినీ కలిపి పరిశీలించడం, మొదటిదానికి చిత్రం చూపిన మార్గాన్ని రెండవదానికి వర్తింపజేసి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

కథా నేపథ్యం

చిత్రం శీర్షిక ఒక చారిత్రక వ్యక్తిని స్మరింపజేస్తుంది. డాన్ లాఫాంటేన్ (1940–2008) అయిదు వేలకు పైగా చలనచిత్ర ట్రైలర్లకు గొంతునిచ్చిన కళాకారుడు. 'ఇన్ ఎ వరల్డ్' అనే ప్రారంభ పదబంధం ఆయన మంద్రస్వరంతో విడదీయరానంతగా ముడిపడింది. ఆయన మరణంతో ఖాళీ అయిన స్థానానికి వారసులెవరన్న పోటీయే చిత్రంలోని కథ. శామ్ సోటో ఆ రంగంలో పేరుపడ్డ గొంతు. అతని కుమార్తె కెరోల్ నటీనటులకు యాసలు నేర్పే స్వరశిక్షకురాలు. తండ్రి తన వయసులో సగం లేని స్నేహితురాలిని ఇంటికి తెచ్చుకోవడానికి కూతురిని ఇల్లు ఖాళీ చేయమంటాడు. ఈ రంగం ఆడగొంతును కోరుకోదని ఆమెకు నచ్చజెబుతాడు. తన వారసుడిగా గుస్తావ్ అనే యువకుణ్ణి ముందుకు తెస్తాడు. అనుకోకుండా దొరికిన ఒక ట్రైలర్ అవకాశంతో కెరోల్ ఈ పోటీలోకి అడుగుపెడుతుంది. 'అమెజాన్ గేమ్స్' అనే కల్పిత చిత్రమాలిక ట్రైలర్ కోసం, అందులో ఆ ప్రసిద్ధ పదబంధాన్ని తిరిగి పలికే అవకాశం కోసం, ఆమె, గుస్తావ్, చివరకు ఆమె తండ్రి కూడా పోటీపడతారు. అవకాశం కెరోల్‌కే దక్కుతుంది.

కథ ఇక్కడితో ముగిసి ఉంటే ఇది ఒక విజయగాథగా మిగిలేది. కాని పురస్కార ప్రదానోత్సవం జరుగుతున్న భవనంలోని స్త్రీల విశ్రాంతిగదిలో నిర్మాత కేథరిన్ హూలింగ్ ఆమెకు ఒక చేదు నిజం చెబుతుంది. ఆమెను ఎంపిక చేసింది ఆమె అందరికంటె మిన్న అయినందువల్ల కాదు. ఆ గొంతు తెరపై వినబడితే దాన్ని వినే ఆడపిల్లలకు కలిగే మేలు దృష్ట్యా ఎంపిక చేశారు. ఈ పాత్రను ధరించిన జీనా డేవిస్ దృశ్యమాధ్యమాలలో స్త్రీల చిత్రణను అధ్యయనం చేసే సంస్థను 2004లో స్థాపించిన నటి. అందువల్ల ఈ సన్నివేశంలోని వాదం కేవలం పాత్రోచిత సంభాషణగా మిగలక, ఒక సామాజిక దృక్పథానికి ప్రతినిధిగా వినిపిస్తుంది.

అశరీరవాణి ఎవరిది?

కేథరిన్ మాటను తూకం వేయడానికి ముందు ఆ వృత్తి స్వభావాన్ని గుర్తించాలి. ట్రైలర్‌లో వినిపించే గొంతుకు శరీరం లేదు. అది కథలోని ఏ పాత్రదీ కాదు, అయినా కథ అంతా దానికి తెలుసు. చలనచిత్ర సిద్ధాంతకర్త మిషెల్ షియోఁ 1982లో ప్రచురించిన తన గ్రంథంలో కనబడకుండా వినబడే గొంతుకు సర్వజ్ఞత, సర్వవ్యాపకత్వం వంటి శక్తులను ప్రేక్షకులు ఆపాదిస్తారని వివరించాడు. కాజా సిల్వర్‌మన్ 1988లో ఈ చర్చను స్త్రీవాద దృష్టితో ముందుకు తీసుకువెళ్ళింది. సంప్రదాయ హాలీవుడ్ చిత్రాలలో శరీరాన్ని దాటి, కథకు పైన నిలిచి పలికే హక్కు దాదాపుగా పురుషస్వరానికే ఉందనీ, స్త్రీ స్వరం ఎప్పుడూ ఆమె శరీరానికి కట్టుబడి ఉంటుందనీ ఆమె ప్రతిపాదన. తెరపై స్త్రీ మాట్లాడుతుంది, పాడుతుంది, రోదిస్తుంది. 'ఒక లోకంలో' అని మొదలుపెట్టి ఆ లోకాన్ని ప్రేక్షకుల ముందు నిలిపే అధికారం మాత్రం ఆమెకు లేదు.

భారతీయ సంప్రదాయంలో ఈ విషయం మరింత విచిత్రంగా కనబడుతుంది. కంసుణ్ణి హెచ్చరించిన అశరీరవాణి మొదలు పురాణకథలలో ఆకాశం నుంచి వినబడే మాట తిరుగులేని ప్రమాణం. 'వాణి' స్త్రీలింగ పదం. వాక్కుకు అధిదేవత స్త్రీ. ఋగ్వేదం పదవ మండలంలోని వాక్సూక్తానికి ద్రష్ట వాగాంభృణి అనే ఋషిక. వాక్కును స్త్రీరూపంలో ఆరాధించిన సంస్కృతి సభలో మాట్లాడే స్త్రీని కూడా అంతే ఆదరంతో విన్నదని దీన్నిబట్టి నిర్ధారించలేం. వాక్కును స్త్రీగా భావించడం ఒక సంగతి, స్త్రీ వాక్కును ప్రమాణంగా స్వీకరించడం మరొక సంగతి. లాఫాంటేన్ వారసత్వం కోసం జరిగే పోటీలో కెరోల్ కోరుకునేది ఈ రెండవదాన్నే.

వినికిడిలోని అన్యాయం

మిరాండా ఫ్రికర్ 2007లో వెలువరించిన గ్రంథంలో జ్ఞానవిషయకమైన అన్యాయాన్ని చర్చిస్తూ, పలికేవారి పట్ల ముందే ఏర్పడిన దురభిప్రాయం వల్ల శ్రోత వారి మాటకు ఇవ్వవలసినంత విశ్వసనీయతను ఇవ్వకపోవడాన్ని ఒక ప్రత్యేకమైన అన్యాయంగా గుర్తించింది. ఈ అన్యాయానికి గురైన వ్యక్తి ఒక అవకాశాన్ని పోగొట్టుకోవడంతో పాటు, తెలిసిన మనిషిగా తనకు దక్కవలసిన గౌరవాన్ని కూడా కోల్పోతుంది. దీనికి విరుగుడుగా ఫ్రికర్ శ్రోతకు ఒక సద్గుణాన్ని విధించింది. తన వినికిడిలోని పక్షపాతాన్ని గుర్తించి, ఆ మేరకు తన అంచనాను సవరించుకోగలగడమే ఆ గుణం.

న్యాయదర్శనంలో ఈ ఆలోచనకు దగ్గరగా ఉన్న ఒక సూత్రీకరణ ఉంది. శబ్దం ప్రమాణం కావాలంటే అది ఆప్తుని ఉపదేశమై ఉండాలి. ఆప్తుడెవరన్న ప్రశ్నకు భాష్యకారుడైన వాత్స్యాయనుడు విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగి, ఎరిగినదాన్ని ఎరిగినట్లు చెప్పగోరేవాడని సమాధానమిచ్చి, ఈ లక్షణం ఋషులకూ ఆర్యులకూ మ్లేచ్ఛులకూ సమానమేనని స్పష్టం చేశాడు. జాతిని గాని, హోదాను గాని ఈ నిర్వచనంలో చేర్చలేదు. ఆయన స్త్రీల ప్రసక్తి ప్రత్యేకంగా తేలేదు, అయినా ఆ నిర్వచనపు తర్కం కంఠస్థాయిని ప్రమాణానికి ఆధారంగా అంగీకరించదు. మంద్రస్వరంలో పలికిన అసత్యం అసత్యమే, తారస్వరంలో పలికిన సత్యం సత్యమే.

చరిత్రలో ఈ తర్కం పాటింపబడలేదు. 1933లో బి.బి.సి. తన జాతీయ ప్రసారాలకు షీలా బోరెట్‌ను తొలి మహిళా ప్రకటనకర్తగా నియమించింది. శ్రోతల నుంచి వెల్లువెత్తిన ఫిర్యాదుల తరువాత కొద్ది నెలలకే ఆమెను ఆ బాధ్యత నుంచి తప్పించారు. ఫిర్యాదు చేసినవారిలో స్త్రీలు కూడా ఎక్కువగానే ఉన్నారు. ఈ వివరం ముఖ్యమైనది. వినికిడిలోని పక్షపాతం పురుషులకే పరిమితమైన దోషం కాదని, ఒక సమాజం మొత్తం చెవికి పట్టిన అలవాటని ఇది తెలుపుతుంది. ఆడగొంతును ఈ రంగం కోరుకోదని శామ్ సోటో చెప్పినప్పుడు అతడు అబద్ధమాడలేదు. ఉన్న అలవాటును ఉన్నట్లు చెప్పాడు. అతని తప్పు మరొకచోట ఉంది. అలవాటును ప్రకృతిగా భావించి, మార్చదగినదాన్ని మార్చరానిదిగా కూతురికి బోధించాడు. వర్ణనను విధిగా మార్చడమే అతని వాదంలోని దోషం.

కేథరిన్ తర్కం: బలం, లోపం

ఇప్పుడు విశ్రాంతిగదిలోని సంభాషణకు తిరిగి రావచ్చు. కేథరిన్ నిర్ణయాన్ని మూడు విధాలుగా అర్థం చేసుకోవచ్చు. మొదటిది, అభ్యర్థులు సమానులైనప్పుడు సామాజిక ప్రయోజనాన్ని బట్టి ఒకరిని ఎంచుకోవడం. దీనిపై పెద్దగా అభ్యంతరం ఉండదు. రెండవది, తక్కువ ప్రతిభ గలవారిని విశాల ప్రయోజనం కోసం ఎంచుకోవడం. ఇక్కడ అభ్యంతరం బలమైనది. మిన్న అయిన అభ్యర్థికి అన్యాయం జరుగుతుంది. ఎంపికైనవారు కూడా తమ కళ కోసం కాక ఒక ప్రయోజనానికి సాధనంగా స్వీకరింపబడతారు. మనిషిని కేవలం సాధనంగా చూడరాదన్న కాంట్ నియమం ఈ సందర్భానికి వర్తిస్తుంది. మూడవది, ప్రతిభను కొలిచే కొలబద్దయే పక్షపాతంతో ఏర్పడినప్పుడు దాన్ని పక్కనబెట్టి ఎంచుకోవడం.

కేథరిన్ తన నిర్ణయాన్ని రెండవ విధంగా వివరించింది. కాని చిత్రంలోని వివరాలను గమనిస్తే అది మూడవ విధానికి చెందుతుంది. ట్రైలర్ గొంతుకు 'ఉత్తమం' అన్న మాటకు ఆ రంగంలో ఉన్న అర్థం ఏమిటి? లాఫాంటేన్‌ను పోలి ఉండడం. ఒకే గొంతు నుంచి రూపొందించిన కొలబద్దతో మరొక జాతి గొంతును కొలిస్తే అది ఎప్పుడూ కురచగానే కనబడుతుంది. వీణను మృదంగంతో పోల్చి నాదంలో గాంభీర్యం తక్కువని తీర్పు చెప్పినట్లు ఉంటుంది ఆ కొలత. కాబట్టి కెరోల్ అందరికంటె మిన్న కాదన్న వాక్యానికి నిశ్చితార్థం లేదు. అది ఆమె ప్రతిభను గురించిన తీర్పుగా వినబడినా, నిజానికి కొలబద్దను గురించిన సమాచారం మాత్రమే.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చు. ప్రతి కొలబద్దనూ పక్షపాతపూరితమని తోసిపుచ్చితే తీర్పు అన్నదే అసాధ్యమవుతుంది, కళలో మంచిచెడ్డల విచక్షణ నశిస్తుంది. ఈ ఆక్షేపణ తేలికగా తీసివేయదగినది కాదు. కాని కొలబద్దను ప్రశ్నించడం వేరు, కొలత అక్కరలేదనడం వేరు. కెరోల్ ఉచ్చారణ, శ్వాసపై అదుపు, భావానికి తగిన కాకువును ఎన్నుకునే నేర్పు ఇప్పుడు కూడా పరీక్షింపదగినవే. ఆ పరీక్ష సార్థకం కావాలంటే వినేవారికి అటువంటి గొంతును విన్న అనుభవం ముందు ఉండాలి. తొలి అవకాశాన్ని పాత కొలబద్ద ఇవ్వలేదు, అనుభవం లేనిదే కొత్త కొలబద్ద ఏర్పడదు. ఈ వలయాన్ని ఎవరో ఒకరు ఒకచోట ఛేదించాలి. కేథరిన్ చేసినది ఆ పని. ఆ దృష్టితో చూస్తే ఆమె ఎంపిక కెరోల్‌కు చేసిన ఉపకారం కాదు. శ్రోతగా, అధికారం గల శ్రోతగా, తాను నిర్వర్తించవలసిన ధర్మం.

అయితే ఆమె ఆ మాట చెప్పిన తీరులో ఒక వైషమ్యం ఉంది. గుస్తావ్ పోటీలో నిలబడినది శామ్ సోటో అండదండలతో. శామ్ సోటో దశాబ్దాల పాటు వెలిగినది సగం మానవజాతికి ప్రవేశం లేని రంగంలో. ఆ రాత్రి వేదికపై అతడు జీవితసాఫల్య పురస్కారం అందుకుంటాడు. ఈ ఘనతలో కొంత భాగం నీ ప్రతిభది కాదు, నీ లింగానిది అని అతనితో ఎవరూ అనరు. పురుషునికి అందిన ఆనుకూల్యం ప్రతిభ అన్న పేరుతో వేదికపై సన్మానం పొందుతుంది. స్త్రీకి అందిన అవకాశం వెనుకనున్న కారణాన్ని మాత్రం విశ్రాంతిగదిలో విడమరచి చెబుతారు. నిజాయితీ ఒక పక్షం నుంచే కోరినప్పుడు అది అన్యాయానికి తోడ్పడుతుంది. భగవద్గీత చెప్పిన వాఙ్మయ తపస్సులో సత్యంతో పాటు హితం కూడా ఒక అంగం. కేథరిన్ మాట సత్యానికి దగ్గరగా ఉండవచ్చు. కాని అసంపూర్ణసత్యం కావడం వల్ల అది వినేవారికి హితం కాలేకపోయింది. ప్రాతినిధ్యం ద్వారా అవకాశం పొందిన ఏ వర్గమైనా నిత్యం ఎదుర్కొనే సంశయాన్ని ఈ చిన్న సన్నివేశం నిక్కచ్చిగా పట్టి చూపింది.

గొంతు దిద్దుబాటు

చిత్రం ముగింపులో కెరోల్ ఒక తరగతి నిర్వహిస్తుంది. చిన్నపిల్లల గొంతును అనుకరిస్తూ, ప్రతి వాక్యాన్నీ ప్రశ్నలా సాగదీస్తూ మాట్లాడే యువతులకు స్థిరంగా మాట్లాడడం నేర్పుతుంది. లేక్ బెల్ ముఖాముఖులలో కూడా ఈ పలుకు ధోరణిని విమర్శించింది. స్త్రీ తనను తాను చిన్నది చేసుకుని ఇతరులకు ప్రీతి కలిగించడానికి అలవరచుకున్న స్వరమని ఆమె అభిప్రాయం. ఈ విమర్శలో నిజం ఉంది. లొంగుబాటు కంఠంలో కూడా స్థిరపడుతుంది.

అయినప్పటికీ ఇక్కడ చిత్రం తన తర్కానికి తానే ఎదురు నడిచింది. అధికారం కంఠంలో లేదు, వినేవారి అలవాటులో ఉందని కథ మొత్తం నిరూపించి, చివరి సన్నివేశంలో దిద్దుబాటు భారాన్ని మళ్ళీ కంఠంపైనే మోపింది. బ్రిటిష్ ప్రధాని కాకముందే మార్గరెట్ థాచర్ తన గొంతు స్థాయిని తగ్గించుకోవడానికి శిక్షణ పొందడం జగద్విదితం. ఆ శిక్షణ ఆమెకు ఉపయోగపడి ఉండవచ్చు. ఇతర స్త్రీల గొంతును వినే చెవిని అది మార్చలేదు. మంద్రమే అధికారమన్న భావనను మరింత బలపరచింది.

తెలుగు పరిశోధకులకు ఈ వాదం కొత్త కాదు. గిడుగు రామమూర్తి (1863–1940) వ్యావహారిక భాష కోసం చేసిన వాదంలోని నైతిక సారం ఇదే. జనం మాట్లాడే భాషలో దోషం లేదు, దాన్ని దోషంగా వినే పండితుని చెవిలో ఉంది. తరువాతి కాలంలో తెలంగాణ పలుకుబడి కోసం కాళోజీ నారాయణరావు చేసిన వాదన కూడా ఈ కోవకే చెందుతుంది. తెలుగు సినిమా చాలాకాలం కొన్ని ప్రాంతాల యాసలను హాస్యపాత్రలకో, ప్రతినాయక పాత్రలకో కేటాయించింది. ఆ యాసలవారిని శిష్టోచ్చారణ నేర్చుకొమ్మనడం ఈ అన్యాయానికి పరిష్కారం కాజాలదు.

అలాగని స్వరశిక్షణ అంతా నిషిద్ధమనడం అతివ్యాప్తి. సంగీతంలో మూడు స్థాయిలనూ సాధన చేయిస్తారు, ఒక స్థాయిని చెరిపివేయరు. కెరోల్ శిష్యురాలికి ఆమె ఇంతవరకు వాడని ఒక స్థాయిని చేర్చితే అది స్వేచ్ఛను పెంచే విద్య. ఆమె పలుకును సిగ్గుపడవలసిన రోగంగా చిత్రిస్తే అది మరొక కట్టుబాటు. అన్ని యాసలనూ ప్రేమతో సేకరించి, టేపు రికార్డరులో భద్రపరచుకునే కెరోల్ ఈ ఒక్క పలుకు పట్ల మాత్రం ఆ ప్రేమను చూపలేకపోవడం ఆలోచింపదగిన విషయం.

తెర వెనుక తెలుగు గొంతు

సిల్వర్‌మన్ ప్రతిపాదనను తెలుగు సినిమాకు అన్వయిస్తే ఒక సవరణ అవసరమవుతుంది. ఇక్కడ కథానాయిక గొంతు ఆమె శరీరానికి కట్టుబడి లేదు. పలు సందర్భాలలో ఆ గొంతు వేరొక స్త్రీది. నటిగా సుప్రసిద్ధురాలైన సరిత అనేకమంది కథానాయికలకు గొంతునిచ్చింది. 'ఏ మాయ చేసావె' (2010)లో సమంత పాత్రకు గాయని చిన్మయి శ్రీపాద గొంతునిచ్చింది. నంది పురస్కారాలలో మహిళా డబ్బింగ్ కళాకారులకు ప్రత్యేక విభాగం ఉండడం ఈ కళకు లభించిన గుర్తింపు. అయినా ఈ అశరీరత్వం లాఫాంటేన్‌కు దక్కిన అశరీరత్వం వంటిది కాదు. అతడు కనబడకపోవడం అతని అధికారాన్ని పెంచింది. డబ్బింగ్ కళాకారిణి కనబడకపోవడం ఆమె కర్తృత్వాన్ని మరుగుపరచింది. ఆమె ఎంత బాగా పలికితే ప్రేక్షకుడు ఆమెను అంతగా మరచిపోతాడు. ఒకే అదృశ్యత ఒకరికి సింహాసనం, మరొకరికి తెర కావడానికి కారణం వారి కంఠాలలో దొరకదు. దాన్ని వినికిడి వ్యవస్థలోనే వెదకాలి.

ముగింపు

మహాభారతం శాంతిపర్వంలోని మోక్షధర్మ భాగంలో జనకునికీ సులభ అనే సన్న్యాసినికీ జరిగిన సంవాదం ఉంది. ఆమె ఎవరు, ఎవరిది, ఎక్కడినుంచి వచ్చిందని రాజు నిండుసభలో నిలదీస్తాడు. ఆమె తన పుట్టుపూర్వోత్తరాలకంటె ముందు మంచి వాక్యానికి ఉండవలసిన లక్షణాలను వివరిస్తుంది. వక్త, శ్రోత, వాక్యం మూడూ సమంగా కుదిరినప్పుడే అర్థం ప్రకాశిస్తుందన్నది ఆమె సిద్ధాంతంలోని ముఖ్యాంశం. మాట సార్థకం కావడంలో శ్రోతకు కూడా మూడింట ఒక వంతు బాధ్యత ఉందని ఆ సన్న్యాసిని సభకు గుర్తుచేసింది.

'ఇన్ ఎ వరల్డ్' చిత్రాన్ని ఈ వెలుగులో చూస్తే రెండు నిర్ణయాలకు రావచ్చు. మొదటిది, కెరోల్‌కు దక్కిన అవకాశం ఆమె ప్రతిభకు అవమానం కాదు. శ్రోతలు ఎగవేసిన బాకీలో అది తొలి వాయిదా. ఆమెను బాధించవలసినది ఎంపిక వెనుకనున్న కారణం కాదు, ఇతరుల ఎంపికల వెనుకనున్న కారణాలు ఎన్నడూ ప్రకటింపబడకపోవడం. రెండవది, స్త్రీల గొంతుకు శిక్షణనిచ్చే తరగతి ఒక్కటే సరిపోదు. చిత్రం దాని పక్కన మరొక తరగతిని ఊహించవలసింది. అందులో శామ్ సోటో, గుస్తావ్, ప్రదానోత్సవానికి వచ్చిన సభాసదులు విద్యార్థులుగా కూర్చోవాలి. అక్కడ నేర్పవలసిన విద్య వినడం.